వీణతో ప్రయాణం: కాలువ పడవ నుంచి విమానం దాకా

పొడవైన సున్నితమైన సొంత పరికరాన్ని వెంటబెట్టుకొని దూరప్రయాణం చేసేవారి ఇబ్బంది ఏ దేశంలోనైనా ఒకే తీరుగా ఉంటుంది. మంచు కొండల మీద జారడానికి పాదాలకు బిగించుకొనే పొడవాటి స్కీ పలకలతో ఆల్ప్స్ పర్వతాలకు వెళ్లే ఆటగాడికీ, పనస కర్ర వీణతో కచేరీకి బయలుదేరే వైణికుడికీ బండి ఎక్కే ముందు తేల్చుకోవలసింది దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే. స్కీలకు చాలా విమాన సంస్థల నియమాల్లో క్రీడాసామగ్రి కింద ప్రత్యేకమైన చోటు దొరికింది గాని, వీణకు అలాంటి గుర్తింపు ఆలస్యంగా, అదీ కొన్ని దేశాల్లోనే లభించింది. వేంకటేశ్వర క్షేత్రమైన ద్వారకా తిరుమలకు పడమటి వైపున, నేటి ఏలూరు జిల్లాలోనే ఉన్న నూజివీడు తరతరాలుగా వీణలు తయారుచేసే ఊరు కావడం వల్ల, ఈ ప్రాంతపు కాలువలు, రైలు మార్గం, రహదారి, విమానాశ్రయాల చరిత్రను వీణ ప్రయాణాల వైపు నుంచి కూడా పరిశీలించవచ్చు. అలా పరిశీలిస్తే, రవాణా సాధనం మారినప్పుడల్లా వీణను కాపాడుకొనే పద్ధతీ, కొంతవరకు వీణ నిర్మాణమూ మారుతూ వచ్చాయని తెలుస్తుంది.

వీణ ప్రయాణానికి ఎందుకు లొంగదో తెలియాలంటే ముందుగా దాని నిర్మాణాన్ని గమనించాలి. సుమారు నాలుగు అడుగుల పొడవుండే ఈ వాద్యంలో నాదాన్ని పెంచే గుండ్రని భాగాన్ని కుండ అనీ, దానికి కొనసాగింపుగా ఉండే పొడవాటి బోలు భాగాన్ని దండి అనీ, దండి చివర వంపు తిరిగి ఉండే సింహాకృతిని యాళి అనీ అంటారు. దండి కింద ఆనుకొనే రెండో బుర్రను పూర్వం ఎండిన సొరకాయతో చేసేవారు. దీనిని విప్పి వేరుచేయవచ్చు. కుండ, దండి, యాళి మూడింటినీ ఒకే మాను నుంచి తొలిస్తే దానిని ఏకాండి వీణ అంటారు. బొబ్బిలి వీణకు పేరు తెచ్చిన పనితనం ఇదే. అతుకు లేకపోవడం నాదానికి మేలు చేస్తుందని వైణికులు నమ్ముతారు గాని, అతుకు లేని వీణను మడవడానికి గాని, విడదీసి చిన్న పెట్టెలో సర్దడానికి గాని వీలుండదు. పైగా 24 కంచు మెట్లను దండి మీద నిలిపేది మేకులు కాదు, మసి కలిపిన తేనెమైనం. స్వరస్థానాలు చెవికి సరిపోయేలా ఆ మెట్లను ఒక్కొక్కటిగా మైనంలో కూర్చడాన్ని మేళం కట్టడం అంటారు. ఎండ తగిలితే మైనం మెత్తబడి మెట్టు కదులుతుంది, మెట్టు వెంట్రుకవాసి కదిలినా స్వరం తప్పుతుంది.

రాజాస్థానాల కాలంలో ఈ ఇబ్బంది అంతగా కనిపించకపోవడానికి కారణం, వైణికుడు ఒక కొలువును ఆశ్రయించి చాలాకాలం అక్కడే ఉండిపోవడం. 24 మెట్లు స్థిరంగా అమర్చిన నేటి వీణ, 1600 నుంచి 1634 వరకు తంజావూరును ఏలిన తెలుగు ప్రభువు రఘునాథ నాయకుని కాలంలో రూపుదిద్దుకొన్నదని సంగీత చరిత్రకారులు చెబుతారు. ఆ తరువాత తెలుగు తీరంలో బొబ్బిలి, విజయనగరం, పిఠాపురం, నూజివీడు వంటి సంస్థానాల నీడలో వాదకులూ వీణలు చేసే వడ్రంగులూ ఒకే చోట స్థిరపడ్డారు. వాద్యం పాడైతే బాగుచేసే చేయి పక్క వీధిలోనే ఉండేది. ఊరు దాటవలసి వస్తే పల్లకీలోనో ఎడ్లబండిలో పరచిన గడ్డి మీదనో పెట్టి, మనుషులు పక్కనే నడుస్తూ తీసుకువెళ్లడానికి వీలుండేది.

పందొమ్మిదో శతాబ్ది మధ్యలో ధవళేశ్వరం వద్ద గోదావరికీ, బెజవాడ వద్ద కృష్ణకూ ఆనకట్టలు కట్టడంతో ఈ ప్రాంత ప్రయాణాల స్వరూపమే మారిపోయింది. రెండు నదుల కాలువలు ఏలూరు వద్ద కలవడం వల్ల గోదావరి తీరం నుంచి కృష్ణా తీరం దాకా నీటి మీదనే వెళ్లగలిగే మార్గం ఏర్పడింది. సాగునీటి కోసం తవ్విన కాలువల్లో సరుకుల పడవలతో పాటు ప్రయాణికుల పడవలూ తిరిగాయి. కుదుపులకు భయపడే వాద్యానికి నెమ్మదిగా సాగే పడవ కంటే మెరుగైన వాహనం ఆనాటికి లేదు. అయితే కాలువల మీదా, వానాకాలంలో ఊళ్లకు ఊళ్లనే నీరు చుట్టుముట్టే కొల్లేటి లంకల్లోనూ కర్ర తేమను పీల్చుకోవడం, ఉక్కు తీగలు తుప్పు పట్టడం కొత్త బెడదలుగా తయారవుతాయి. వీణకు మందపాటి గుడ్డ గలీబు తొడగడం, తీగలను నూనె గుడ్డతో తుడవడం ఇలాంటి చోట్ల తప్పనిసరి జాగ్రత్తలు.

రైలు రాకతో వేగం పెరిగింది, దూరాలు దగ్గరయ్యాయి. 1890ల్లో తీరం వెంట రైలు మార్గం పడి, 1900లో రాజమండ్రి వద్ద గోదావరి వంతెన మీద రైళ్లు నడవడం మొదలయ్యాక ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం స్టేషన్లు ఒకవైపు మద్రాసుతోనూ మరోవైపు కలకత్తాతోనూ ముడిపడ్డాయి. పిఠాపురం ఆస్థాన వైణికుడైన తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వాదనకు ముగ్ధుడై రవీంద్రనాథ ఠాకూరు ఆయనను శాంతినికేతనానికి ఆహ్వానించడం ఈ దశకు మంచి ఉదాహరణ. కొలువుకు పరిమితమైన విద్య దూరప్రాంతాలకు వెళ్లడానికి తీరపు రైలు మార్గం దారి ఇచ్చింది. రైలులో ఇంకో సౌకర్యమూ ఉంది. సామాను పెట్టెలో వేయకుండా వీణను బెర్తు మీద పడుకోబెట్టుకొని, దాని రక్షణ భారాన్ని వైణికుడు తన చేతిలోనే ఉంచుకోవచ్చు. 1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైన తరువాత ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాల వాదకులకు సొంత వీణతో స్టూడియోకు వెళ్లి రావడం వృత్తిలో భాగమైంది. బస్సుల కాలంలో మాత్రం ఇక్కట్లు పెరిగాయి. టాపు మీద ఎండ, డిక్కీలో ఒత్తిడి రెండూ వీణకు పడవు కనుక, ద్వారకా తిరుమలలో స్వామివారి కల్యాణోత్సవాలకు గాని, మరే ఊరి ఉత్సవానికి గాని వెళ్లే వాదకుడు వీణను ఒడిలో పెట్టుకొని కూర్చోవడమో, ప్రత్యేకంగా కారు మాట్లాడుకోవడమో చేయవలసి వచ్చింది.

విమానం ఈ క్రమాన్ని తలకిందులు చేసింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలోనే తాడేపల్లిగూడెంలో రన్‌వే వేసినా అది ప్రయాణికుల విమానాశ్రయం కాలేదు. ఈ ప్రాంతపు వారికి విజయవాడ దగ్గరి గన్నవరం, రాజమండ్రి దగ్గరి మధురపూడి, దూరదేశాలకైతే మద్రాసు, హైదరాబాదు విమానాశ్రయాలే ఆధారమయ్యాయి. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు వంటి విద్వాంసులు విదేశాల్లో వీణ వినిపించారు. అమెరికాలో తెలుగు కుటుంబాలు పెరిగి, 1978లో క్లీవ్‌లాండ్‌లో త్యాగరాజ ఆరాధన మొదలయ్యాక, కచేరీలకు వెళ్లే విద్వాంసులతో పాటు అక్కడి పిల్లల కోసం కొన్న వీణలు కూడా సముద్రాలు దాటాయి. పడవలోనూ రైలులోనూ కంటి ముందే ఉండే వీణ, విమానాశ్రయంలో కౌంటరు దాటగానే కనుమరుగవుతుంది. చాలా సంస్థలు మామూలు సామానుకు పెట్టే పరిమితి, పొడవు వెడల్పు ఎత్తులు కలిపి 158 సెంటీమీటర్లు. పెట్టెలో సర్దిన వీణ దానిని దాటిపోతుంది. అందుకే బయలుదేరే ముందు చేసే ఏర్పాటు ఒక చిన్న శస్త్రచికిత్సను తలపిస్తుంది: బిరడలు తిప్పి తీగలను సడలిస్తారు, తీగల ఒత్తిడితోనే నిలిచే గుర్రాన్ని, అంటే కుండ మీద తీగలను మోసే చిన్న చెక్క వంతెనను, తీసి గుడ్డలో చుడతారు, తీగలు మెట్లకు ఒరుసుకోకుండా మధ్యలో మెత్తని బట్ట పరుస్తారు, బుర్రను విప్పి వేరే కడతారు, దండి, కుండ కలిసే చోట దూది దిండ్లు దట్టించి గట్టి పెట్టెలో దించుతారు. ఇంత చేసినా, గమ్యం చేరాక కదిలిన మెట్లను సరిచేయించడానికి మేళం కట్టడం తెలిసినవారు అక్కడ అందుబాటులో ఉండకపోవచ్చు.

ఈ బాధ వీణకే కాక చెల్లో, గిటారు వంటి వాద్యాలకూ ఉండడంతో సంగీత వాద్యాల రవాణాకు చట్టం అవసరమైంది. అమెరికా 2012లో చేసిన విమానయాన చట్టాన్ని అనుసరించి 2015లో అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం, ఆ దేశపు విమాన సంస్థలు చోటు ఉన్నంతవరకు చిన్న వాద్యాలను ప్రయాణికుడి వెంట అనుమతించాలి. టికెట్టు కొంటే పెద్ద వాద్యానికి సీటు ఇవ్వాలి. మూడు కొలతలు కలిపి 150 అంగుళాలు, బరువు 165 పౌండ్లు మించని వాద్యాన్ని సామానుగా స్వీకరించాలి. మరోవైపు వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అంతర్జాతీయ ఒప్పందం కొత్త జాగ్రత్తను తెచ్చిపెట్టింది. దంతపు పని ఉన్న పాత వీణలకు అనుమతి పత్రాలు తప్పనిసరి అయ్యాయి. 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతులన్నిటి మీదా నియంత్రణ రావడంతో ఆ కర్రతో బిరడలు చేసిన వాద్యాల విషయంలోనూ సందేహాలు తలెత్తగా, పూర్తిగా తయారైన సంగీత వాద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు ఇచ్చారు.

చట్టాలతో పాటు వాద్యమూ సర్దుకుంది. సొరకాయ బుర్రకు బదులుగా తేలికైన ఫైబరు బుర్ర వాడుకలోకి వచ్చింది. దండిని కుండ నుంచి మరలతో విడదీసి చిన్న పెట్టెలో సర్దుకొనే ప్రయాణ వీణలను తయారుచేశారు. బెంగళూరుకు చెందిన రాడెల్ సంస్థ రూపొందించిన డిజిటల్ వీణలో మైనం అవసరమే లేకుండా పోయింది. ఇవి సాధనకూ, ఆరుబయట సభలకూ, విదేశాల్లో చదువుకొనే పిల్లలకూ ఎంతో మేలు చేశాయి. ఏకాండి వీణ ఇచ్చే నాదం వీటికి రాదని భావించే వైణికులు మాత్రం ఖర్చుకూ శ్రమకూ ఓర్చి, పనస కర్ర వీణనే వెంట తీసుకువెళుతున్నారు.

గడచిన నూట యాభై ఏళ్లకు పైగా కాలంలో వేగం పెరిగిన ప్రతిసారీ సర్దుబాటు భారం వాద్యం మీదా, దాన్ని చేసే వడ్రంగి మీదా, మోసే వాదకుడి మీదా పడిందని ఈ క్రమం చూపుతుంది. ఆ భారాన్ని రవాణా వ్యవస్థ కూడా పంచుకోవడం న్యాయం. మన దేశంలో వాద్యాల రవాణా చాలావరకు ఆయా విమాన సంస్థల సొంత నియమాల మీదనే నడుస్తున్నందున, పొడవైన సంప్రదాయ వాద్యాలకు వర్తించే ఒకే రకం నిబంధనలు ఉండాలి. వీణలు తయారయ్యే నూజివీడుకు దగ్గరలోనే ఉండి, 2017లో అంతర్జాతీయ హోదా పొందిన గన్నవరంలో వీణ పెట్టెను చేతితో అందుకొని చేతితో అప్పగించే ఏర్పాటు ఉంటే అది మిగిలిన విమానాశ్రయాలకు మార్గదర్శకం కాగలదు. అలాగే మేళం కట్టే విద్యను వడ్రంగుల ఇళ్లకే వదిలేయకుండా సంగీత కళాశాలల పాఠ్యంలో చేర్చితే, ఏ దేశంలో వీణ దిగినా దాని మెట్లను సరిచేసుకోగల చేతులు ఆ వీణ వెంటే వెళతాయి.