ఇంజన్ మరిగితే నీళ్లు పోయడమే వైద్యం కాదు
ఎప్పుడు వేడెక్కిందో గమనిస్తే కారణం దొరుకుతుంది
అరకు ఘాట్ ఎక్కే వాహనదారులకు సూచనలు

కొత్తవలస (విజయనగరం జిల్లా): విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే సుమారు 115 కిలోమీటర్ల రహదారిలో పెందుర్తి, కొత్తవలస, లక్కవరపుకోట, శృంగవరపుకోట వరకు దాదాపు అంతా మైదానమే. బొడ్డవర దాటిన తర్వాత అనంతగిరి ఘాట్ మొదలవుతుంది. అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలు మార్గం కూడా ఈ కొండలనే ఎక్కుతుంది. ఆ మార్గంలోని శిమిలిగూడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. మైదానంలో ఏ ఇబ్బందీ పెట్టని కారు ఈ ఎత్తు ఎక్కేసరికి మొరాయించడానికి ప్రధాన కారణం ఇంజన్ వేడెక్కడం. బానెట్ కింద నుంచి ఆవిరి రాగానే సీసాతో నీళ్లు పోసి మళ్లీ బయల్దేరడం చాలామందికి అలవాటు. నీళ్లు పోస్తే ఆ పూట గడుస్తుందే గాని, లోపం అలాగే ఉంటుంది. కొన్ని వందల రూపాయల విడిభాగంతో పోయే మరమ్మతు వేల రూపాయల హెడ్ పనికి దారితీసేది ఇక్కడే.

అంబాసిడర్ కార్ల కాలంలో డిక్కీలో నీళ్ల డబ్బా లేకుండా ఘాట్ ఎక్కేవారు కాదు. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. ఆ తరం ఇంజన్లలో హెడ్ సహా అధిక భాగం పోత ఇనుము. ఇప్పటి కార్లలో హెడ్ అల్యూమినియంతో తయారవుతుంది. ఇది తేలిక, ఇంధనం ఆదా. అయితే అధిక వేడికి త్వరగా వంపు తిరుగుతుంది. కాబట్టి పాత కార్లతో వచ్చిన అలవాట్లు కొత్త కార్లకు పనికిరావు.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంజన్‌లో మండే ఇంధనపు శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే చక్రాలు తిప్పడానికి ఉపయోగపడుతుంది. మరో మూడో వంతు పొగ గొట్టం ద్వారా పోతుంది. మిగిలిన వేడిలో ఎక్కువ భాగాన్ని కూలెంట్ మోసుకుపోవాలి. వాటర్ పంపు ఈ ద్రవాన్ని ఇంజన్ చుట్టూ తిప్పి రేడియేటర్‌కు పంపుతుంది. అక్కడ ఎదురుగాలి, ఫ్యాను గాలి తగిలి ద్రవం చల్లబడి మళ్లీ ఇంజన్‌లోకి వస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఈ ప్రవాహాన్ని ఆపి, సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య తెరుచుకునే చిన్న ద్వారమే థర్మోస్టాట్.

రేడియేటర్ మూత పని కేవలం మూయడం కాదు. లోపలి ఒత్తిడిని నిలిపి ఉంచేది అదే. చాలా కార్లలో మూత మీద 0.9 లేదా 1.1 బార్ అని ముద్రించి ఉంటుంది. ఆ ఒత్తిడిలో నీరు సుమారు 120 డిగ్రీల వరకు మరగదు. మూత రబ్బరు అరిగి ఒత్తిడి పోతే 100 డిగ్రీలకే మరుగుతుంది. ఎత్తు పెరిగే కొద్దీ, ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ వంతున, ఇది ఇంకా తగ్గుతుంది. అంటే మూత బిగువు పోయిన కారులో అరకు ఎత్తున నీరు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతుంది. దీనికి తోడు ఘాట్‌లో తక్కువ గేరు, ఎక్కువ శ్రమ, తక్కువ ఎదురుగాలి. మైదానంలో దాగి ఉన్న చిన్న లోపం అక్కడ బయటపడుతుంది.

ముల్లు పైకి ఎక్కితే...

టెంపరేచర్ మీటర్ ముల్లు మధ్య గీత దాటి ‘హెచ్’ అక్షరం వైపు కదలడం మొదటి హెచ్చరిక. కొన్ని కార్లలో మీటరుకు బదులు ఎర్ర దీపం మాత్రమే ఉంటుంది. అది వెలిగిందంటే ఇక ఆలస్యం చేయడానికి లేదు. ఏసీ చల్లదనం ఒక్కసారిగా తగ్గడం, బండి లాగుడు తగ్గడం, ఎత్తులో ఇంజన్ నుంచి టకటకమని శబ్దం రావడం, తియ్యటి వాసన రావడం కూడా సంకేతాలే.

ముందుగా ఏసీ ఆపివేయాలి. హీటరును పూర్తి వేడి మీద, ఫ్యాను పూర్తి వేగం మీద పెట్టాలి. లోపల ఉక్కపోసినా ఇంజన్ వేడిని కొంత బయటకు లాగే మార్గం ఇది. మలుపు దగ్గర కాకుండా వెనుక వచ్చేవారికి కనిపించే చోట, వీలైతే నీడలో బండిని పక్కకు తీయాలి. ఆవిరి రాకుండా, ద్రవం కారకుండా, ఫ్యాను తిరుగుతూ ఉంటే ఒకటి రెండు నిమిషాలు న్యూట్రల్‌లో ఇంజన్ నడవనివ్వవచ్చు. ముల్లు దిగకపోయినా, ఆవిరి కనిపించినా వెంటనే ఆపివేయాలి. ‘ఇంకో రెండు కిలోమీటర్లే కదా’ అని లాగితే హెడ్ వంగడం, పిస్టన్లు పట్టేయడం వరకు వెళ్తుంది.

వేడి మీద రేడియేటర్ మూత తీయడం అత్యంత ప్రమాదకరం. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి, లోపలి ద్రవం ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. కనీసం అరగంట నుంచి ముప్పావు గంట ఆగాలి. పై హోస్ పైపును గుడ్డతో నొక్కి చూస్తే గట్టిగా ఉంటే ఇంకా ఒత్తిడి ఉన్నట్లే. మెత్తబడిన తర్వాత మందపాటి గుడ్డ కప్పి, ముఖం పక్కకు పెట్టి, మూతను మొదటి మెట్టు వరకే తిప్పి ఆవిరి పూర్తిగా పోనివ్వాలి. ఇంజన్ ఆపినా ఎలక్ట్రిక్ ఫ్యాను తనంతట తానే తిరగవచ్చు. చేతులు, కండువాలు, చీర కొంగులు దూరంగా ఉంచాలి.

మరిగిన ఇంజన్‌లో చల్లటి నీరు కుమ్మరిస్తే లోహం పగలవచ్చు. చల్లారిన తర్వాతే కొద్దికొద్దిగా పోయాలి. ఎవరికైనా ఆవిరి తగిలితే కాలిన చోట ధారగా పడే చల్లటి నీటి కింద 20 నిమిషాలు ఉంచాలి. టూత్‌పేస్టు, సిరా, మంచుగడ్డ వాడకూడదు. గాయం పెద్దదైతే 108కి ఫోన్ చేయాలి.

ఎప్పుడు వేడెక్కింది?

లోపాన్ని పట్టుకోవడానికి మొదటి ప్రశ్న ఇదే. మెకానిక్ దగ్గరకు వెళ్లినప్పుడు ‘వేడెక్కుతోంది’ అని మాత్రమే కాకుండా, ఏ పరిస్థితిలో వేడెక్కిందో చెబితే అనవసరపు మార్పిడులు తగ్గుతాయి.

రద్దీలో నిలిచినప్పుడు వేడెక్కి, బండి కదలగానే ముల్లు దిగితే: కొత్తవలస కూడలి వంటి చోట్ల ఇది తరచూ కనిపించే లక్షణం. లోపం ఫ్యానులో ఉంటుంది. బండిని నిలిపి ఏసీ వేసి చూడాలి. చాలా కార్లలో ఏసీ వేయగానే ఫ్యాను తిరగాలి. ఏసీతో తిరిగి, ఇంజన్ వేడికి తిరగకపోతే సెన్సర్‌ను అనుమానించాలి. రెండు విధాలా తిరగకపోతే ఫ్యూజు, రిలే, వైరింగ్, ఫ్యాను మోటారు వరుసగా చూడాలి. బెల్టుతో ఫ్యాను తిరిగే జీపులు, పాత డీజిల్ బండ్లలో బెల్టు బిగువు, ఫ్యాను కప్లింగ్ చూడాలి.

వేగంగా వెళ్తున్నప్పుడు, ఘాట్ ఎక్కుతున్నప్పుడు మాత్రమే వేడెక్కితే: రేడియేటర్ పూడిపోయి ఉండవచ్చు. బయట రెక్కల మధ్య దుమ్ము, పురుగులు చేరితే ఇంజన్ వైపు నుంచి ముందుకు తక్కువ ఒత్తిడి నీటితో కడగాలి. ఎక్కువ ఒత్తిడి కొడితే రెక్కలు వంగిపోతాయి. ముందున్న ఏసీ కండెన్సర్ కూడా శుభ్రంగా ఉండాలి. లోపల ఉప్పు పేరుకుంటే పైన కడిగితే లాభం లేదు. పాత రాగి, ఇత్తడి రేడియేటర్లను విప్పి పుల్లలతో గొట్టాలు శుభ్రం చేసేవారు. ప్లాస్టిక్ ట్యాంకు ఉన్న అల్యూమినియం రేడియేటర్ పూర్తిగా పూడితే మార్చడమే మేలు. మెత్తబడిన కింది హోస్ పైపు పంపు లాగుడుకు ముడుచుకుపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే వేడెక్కితే: థర్మోస్టాట్ మూసుకుని ఉండిపోయి ఉండవచ్చు. ముల్లు పైకి వెళ్లినా రేడియేటర్‌కు పోయే రెండు పైపుల్లో ఒకటి మరిగిపోతూ, రెండోది చల్లగా ఉండటం దీని గుర్తు. వాటర్ పంపు తిప్పకపోయినా ఇలాగే అవుతుంది. పంపు కింది చిన్న రంధ్రం నుంచి ద్రవం కారిన మరక, బేరింగ్ శబ్దం, పుల్లీ ఊగడం పంపు చెడిపోయినట్లు చెబుతాయి.

ముల్లు పైకి ఉన్నా ఇంజన్ మామూలుగానే ఉంటే: ఆవిరి, వాసన, లాగుడు తేడా ఏవీ లేకుండా ముల్లు ఒక్కసారిగా ఎగిరితే సెన్సర్ లేదా మీటరు లోపం కావచ్చు. అయితే కూలెంట్ పూర్తిగా ఖాళీ అయినప్పుడు కొన్ని బండ్లలో ముల్లు కిందికే చూపిస్తుంది. కాబట్టి ద్రవం మట్టం చూడకుండా మీటరును నమ్మరాదు.

ద్రవం తగ్గుతోంది, చుక్క కనిపించదు

రాత్రి బండి కింద పాత కాగితం లేదా అట్టముక్క పరిస్తే బయటి కారుడు తెల్లారేసరికి తెలుస్తుంది. హోస్ క్లిప్పులు, రేడియేటర్ అంచులు, పంపు చుట్టూ ఎండిన తెల్లటి లేదా రంగు మరకలు వెతకాలి. ముందు సీటు కింద తివాచీ తడిస్తే హీటరు కోర్ కారుతున్నట్లు. మెకానిక్‌ల వద్ద ఉండే ప్రెషర్ టెస్టర్‌తో ఇంజన్ నడపకుండానే కారే చోటు పట్టవచ్చు.

ఎక్కడా చుక్క లేకుండా ద్రవం తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. సైలెన్సర్ నుంచి ఆగని తెల్ల పొగ, డిప్‌స్టిక్‌పై లేదా ఆయిల్ మూత కింద పాలు కలిసినట్లు తెల్లబడిన ఆయిల్, చల్లటి ఇంజన్‌పై మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు రావడం దీని ఆనవాళ్లు. ఈ గుర్తులుంటే బండిని నడపకుండా లాగించుకుని వెళ్లాలి. హెడ్ విప్పినప్పుడు గ్యాస్కెట్ మార్చి సరిపెట్టుకోకుండా, హెడ్ వంగిందా, పగిలిందా అన్నది లేత్ షాపులో తప్పనిసరిగా చూపించాలి. మొదట వేడెక్కడానికి కారణమైన లోపాన్ని సరిచేయకపోతే కొత్త గ్యాస్కెట్ కూడా నిలవదు.

థర్మోస్టాట్ తీసేయవద్దు

వేడెక్కుతున్న బండికి థర్మోస్టాట్ తీసి పారేయడం పల్లెల్లోనూ, పట్టణాల్లోనూ ఉన్న పాత పద్ధతి. దీనివల్ల ఇంజన్ కావలసిన వేడికి చేరడానికి ఆలస్యమవుతుంది. కంప్యూటర్‌తో నడిచే ఇంజన్ ఇంకా చల్లగా ఉందని భావించి ఎక్కువ ఇంధనం పంపుతుంది. మైలేజీ తగ్గుతుంది, సిలిండర్ల అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ లేకపోతే ద్రవం రేడియేటర్‌కు వెళ్లకుండా పక్కదారి పట్టి మరింత వేడెక్కుతుంది. అనుమానం ఉంటే దాన్ని విప్పి నీటి గిన్నెలో వేసి కాచి చూడాలి. దాని మీద రాసిన ఉష్ణోగ్రత వద్ద తెరుచుకోవడం మొదలుపెట్టి, నీరు మరిగే లోపు బాగా తెరుచుకుంటే పనిచేస్తున్నట్లే. లేకుంటే కొత్తది వేయించాలి.

కారే రేడియేటర్‌లో పసుపు వేయడం కూడా ఇలాంటిదే. చిల్లుతో పాటు సన్నని గొట్టాలనూ అది పూడ్చివేస్తుంది.

బోరు నీరా, కూలెంటా?

బోరు నీటిలోని లవణాలు వేడికి గొట్టాల లోపల తెల్లగా పేరుకుంటాయి. పైగా ఉత్త నీటికి అల్యూమినియం, ఇనుము తుప్పు పడతాయి. కూలెంట్‌లో తుప్పును అడ్డుకునే రసాయనాలు ఉంటాయి. అది నీరు మరిగే ఉష్ణోగ్రతను కూడా కొంత పెంచుతుంది. కొన్ని కూలెంట్లను నేరుగా పోయాలి, కొన్నింటిని డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలి. డబ్బాపై రాసినది చదివి వాడాలి. రంగు ఒకటే అయినా రకాలు వేరు కావచ్చు గనుక రెండింటిని కలపరాదు. ఎప్పుడు మార్చాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. దారిలో గత్యంతరం లేక మామూలు నీరు పోస్తే, ఊరు చేరాక మొత్తం తీయించి కడిగించి కొత్త కూలెంట్ పోయించాలి. పోసిన తర్వాత లోపలి గాలి బుడగలు పూర్తిగా పోయే వరకు ఇంజన్ నడపాలి. లేకపోతే బాగు చేసిన బండి కూడా వేడెక్కుతుంది.

చాలా కూలెంట్లలో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. రుచికి తియ్యగా ఉండే ఈ ద్రవం విషం. పిల్లలు, కుక్కలు, పశువులు తాగితే మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం పోవచ్చు. తీసిన పాత ద్రవాన్ని కాలువల్లో, పశువులు తిరిగే చోట పారబోయరాదు. మంచినీళ్ల సీసాల్లో నిల్వ చేయరాదు.

ఘాట్ ఎక్కే ముందు

- ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బాలో మట్టం కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉందో లేదో చూడాలి. ఇంజన్ ఆయిల్ కూడా చూడాలి. ఆయిల్ తగ్గినా వేడి పెరుగుతుంది.
- హోస్ పైపులు, ఫ్యాను బెల్టు పగుళ్లు, మూత రబ్బరు పరీక్షించాలి.
- మైదానంలోనే ముల్లు మామూలు కంటే పైన ఉంటే శృంగవరపుకోటలోనే ఆగి చూపించుకోవాలి. బొడ్డవర దాటాక షాపులు వెతుక్కోవడం కష్టం.
- ఎత్తులో పై గేరుతో లాగించకుండా ముందుగానే గేరు తగ్గించాలి. ముల్లు కదలడం మొదలైతే ఏసీ ఆపాలి.
- దిగేటప్పుడు ఇంజన్ చల్లబడుతుందని తాళం చెవి తిప్పి ఆపివేయరాదు. బ్రేకు బూస్టర్, పవర్ స్టీరింగ్ సహాయం పోయి బండి అదుపు తప్పుతుంది.
- రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ లేదా సరిపడిన కూలెంట్, మందపాటి గుడ్డ, టార్చిలైటు, అదనపు ఫ్యూజులు వెంట ఉంచుకోవాలి.

ఒకసారి మరిగిన బండి చల్లారి మళ్లీ నడిచినంత మాత్రాన బాగుపడినట్లు కాదు. మర్నాడు చల్లటి ఇంజన్‌పై ద్రవం మట్టం చూడాలి. మళ్లీ తగ్గి ఉంటే, తదుపరి ప్రయాణానికి ముందే మెకానిక్‌కు చూపించాలి.