కొండపల్లి చెంత దీపము నిలుకడ



కొండపల్లి కోటకు పోయినవారెల్ల ఒక వింత చూచియుందురు. రెడ్డిరాజుల కాలమునాటి ప్రాకారముపై నిలిచి దిగువకు దృష్టి సారించినచో, ముందు ఊరు, రైలుదారి, దానికావల ఇబ్రహీంపట్టణము, అంతకావల కృష్ణవేణి కానవచ్చును. వీని నడుమ ఆకాశమునకు లేచిన పొగగొట్టములు కోటబురుజులను చిన్నబుచ్చుచుండును. నా బాల్యమున ఆ గొట్టములు లేవు. బొమ్మలకు పొనికికఱ్ఱ తెచ్చువారు అడవిదారి పట్టి పోవుటయే మేమెఱిగిన పరిశ్రమ. ఆ గొట్టములు ఎట్లు వచ్చినవి, అవి వచ్చిన పిమ్మటను మన దీపములేల మినుకుమినుకుమన్నవి, ఇప్పుడు ఎండనుండియు గాలినుండియు విద్యుత్తు తీయుచున్నారు గదా, ఇక ఆ గొట్టములతో పనియేమి - ఇదియే నేటి ప్రసంగవిషయము.

దీపము వెలుగుట యొక యెత్తు, నిలుకడగా వెలుగుట యొక యెత్తు. మన విద్యుచ్ఛక్తి చరిత్రను వ్రాసినవారు మొదటిదానినే లెక్కించిరి. ఎన్ని మెగావాట్లు, ఎన్ని గ్రామములు, ఎన్ని స్తంభములు అని ఏకరువు పెట్టిరి. రెండవదాని సంగతి రైతు ఎఱుగును, మోటారు కాలినవా డెఱుగును.

చెన్నపురి ప్రభుత్వము విద్యుచ్ఛాఖను 1927లో నెలకొల్పెను. నీలగిరులలో పైకారా, పిమ్మట 1937లో మెట్టూరు, ఇవి అరవదేశమునకు అక్కఱకు వచ్చినవి. మన బెజవాడలో చిన్న యంత్రశాలతో పట్టణమునకు మాత్రము దీపములు వెలుగుచుండెను. ఆంధ్రదేశమునకు పెద్దయెత్తున జలవిద్యుత్తు వచ్చినది 1955లో, ఒడిస్సా సరిహద్దునగల మచ్కుండు నుండి. ఆ యేటి ఆగస్టులో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు దానిని ప్రారంభించిరి. మొత్తము శక్తి 115 మెగావాట్లకు లోపే. ఈనాడు కొండపల్లి చెంత ఒక్క యంత్రము ఇచ్చుదానిలో అది యేడవవంతు.

ఇచ్చట ఉమ్మడి కృష్ణాజిల్లా భూస్థితిని కొంత చెప్పవలసియున్నది. 1852లో మొదలిడి 1855లో ముగించిన బెజవాడ ఆనకట్టవలనను, దానికి బదులుగా 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజివలనను, డెల్టారైతునకు నీరు పల్లమునకు తానై పాఱి వచ్చును. వానికి కరెంటు కావలసినది ఇంటి దీపమునకు, ధాన్యపు మిల్లునకు. మైలవరము, తిరువూరు, నూజివీడు మెట్టపొలములవాని గతి అట్టిది కాదు. నూయి, ఆ పిమ్మట బోరు, వానిపై మోటారు. తీగలో ప్రాణము లేనినాడు వాని పైరులోను ప్రాణము లేదు. ఒకే జిల్లాలో ఒకనికి కాలువ యేదో, మఱియొకనికి తీగ అది. కాలువకు లాకులు, లస్కర్లు, వంతులు, తీర్పులు నూఱేండ్లుగా ఏర్పడియుండెను. తీగకు అట్టి క్రమము ఏర్పడుటకు చాలకాలము పట్టినది.

1959 ఏప్రిల్ 1వ తేదీన రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడెను. సీలేరు నీరు, కొత్తగూడెము బొగ్గు వరుసగా పనికి వచ్చినవి. అయినను నాటి భారమెక్కువగా నీటిమీదనే యుండుటచే, వానలు తప్పిన యేట పైరునకు నీరును లేదు, నీరు తోడుటకు కరెంటును లేదు. కఱవునాడే తోడు తప్పు స్నేహితునివంటిది ఆ యేర్పాటు. 1974లో మండలి అధ్యక్షపదవికి వచ్చిన నార్ల తాతారావుగారు మన జిల్లావారే. పదునాలుగేండ్లు ఆ పదవియందుండి, బొగ్గుకేంద్రములను గట్టిగా నిలబెట్టిరి. నేడు ఈ కేంద్రమునకు వారి పేరే పెట్టబడియున్నది.

స్థలము కొండపల్లి చెంతనే యేల అని అడుగవచ్చును. బొగ్గుకేంద్రమునకు రెండు కావలయును: ఆవిరిని చల్లార్చుటకు నీరు, బొగ్గు తెచ్చుటకు రైలు. బ్యారేజికి ఎగువ నిలిచిన కృష్ణనీరు ఒకప్రక్క, సింగరేణి సీమనుండి కాజీపేట మీదుగా దిగివచ్చు రైలుదారి మఱియొకప్రక్క. 1979 నవంబరులో మొదటి 210 మెగావాట్ల యంత్రము, మఱుసటియేట రెండవది తిరిగినవి. 1989 మొదలు 1995 లోపల మఱి నాలుగు వచ్చినవి. 2009లో 500, 2023లో 800 మెగావాట్ల యంత్రములు చేరినవి. దేశములోని బొగ్గుకేంద్రములలో ఇది ముందువరుసను నిలిచి పేరు గడించెను. మన బొగ్గున దాదాపు మూడవవంతు, ఒక్కొక్కప్పుడంతకు మించియు, బూడిదయే. అందుచే దీపముతోపాటు బూడిద చెఱువులును వచ్చినవి. ఆ బూడిదతో ఇటుకలు చేయువారు, దానిని లారీలకెత్తువారు మా ప్రాంతమున ఒక వర్గముగా ఏర్పడిరి. వేసవి గాలికి బూడిద లేవని బొగ్గుకేంద్రము దేశమున నే నెఱిగినంతలో లేదు. దీపము వెల లెక్కించునపుడు ఈ పద్దును కలుపువారు అరుదు.

ఇక నేను కన్న సంగతి. ఉద్యోగము తొలినాళ్లలో నేనొక మెట్టగ్రామపు పాఠశాలలో తెలుగు పండితుడనుగా నుంటిని. ఊరు పొగగొట్టములకు దూరమేమియు కాదు, చీకటిరాత్రి వాని యెఱ్ఱదీపములు కానవచ్చుచుండెను. అయినను సాయంకాలము మా బల్బు నారింజపండువలె ఎఱ్ఱబడి, లోపలి తీగ కంటితో లెక్కపెట్టదగినట్లుండెను. పరీక్షలనాళ్లలో పిల్లలు లాంతరు ముందు కూర్చుండి, తలపైని బల్బును చూచి నవ్వుకొనెడివారు. మా ఇంటి యజమాని మోటారు ఒక్క పంటకాలమున మూడుమాఱులు కాలినది. మూడుమాఱులును దానిని బండిపైకెత్తి చుట్టించుటకు పట్టణమునకు తీసికొనిపోయెను. మూడవమాఱు ఆయన భార్య మెడలోని గొలుసు తాకట్టునకు పోయెను. "పంతులుగారూ, కరెంటు లేకున్న పైరొక్కటే పోవును, చాలని కరెంటు వచ్చిన మోటారును పోవును" అని ఆయన నాతో అన్నమాట నేటికిని చెవిలోనున్నది.

ఆ మాట శాస్త్రసమ్మతము. వోల్టేజి తగ్గినపుడు మోటారు తన బరువు లాగుటకై ఎక్కువ విద్యుత్ప్రవాహమును పీల్చును. దానితో చుట్టుతీగ వేడెక్కి మాడును. ఊరిలో ఇరువది మోటారులకు తగిన ట్రాన్సుఫార్మరుపై నలువది నడచినచో వోల్టేజి పడకేమి చేయును? పైగా రైతులు ఆటోస్టార్టరులు బిగించుకొనిరి. కరెంటు ఎప్పుడు వచ్చునో తెలియదు గనుక, అది వచ్చినంతనే మోటారు తానే లేచును. ఊరి మోటారులన్నియు ఒక్క క్షణమున లేచుటతో ట్రాన్సుఫార్మరు కాలును. తప్పు రైతుదా, వేళ చెప్పని ఏర్పాటుదా అని విచారించినచో, నేను రెండవదానిపైనే ఎక్కువపాలు మోపుదును.

వోల్టేజి ఊరి వ్యవహారము. దానికి మించినది ఫ్రీక్వెన్సీ, అది దేశవ్యవహారము. తీగలచే కలుపబడిన యంత్రములన్నియు ఒక్క కాడికి కట్టిన ఎడ్లవలె ఒకే అడుగు వేయవలయును. మన దేశమున ఆ అడుగు క్షణమునకు 50 ఆవృత్తులు. కొండపల్లి చెంతనున్న యంత్రము నిమిషమునకు 3000 చుట్లు తిరిగిననే ఆ లెక్క కుదురును. బరువు హెచ్చి ఎడ్లు చాలనప్పుడు కాడియంతయు నెమ్మదించును, బరువు తగ్గినచో వేగము హెచ్చును. విద్యుత్తును గాదెలో పోసి ఉంచుట కుదరదు. ఏ క్షణమున వాడుదుమో ఆ క్షణముననే పుట్టవలయును. 1990లలో దక్షిణాది గ్రిడ్డు 50కి బదులు 48 ప్రాంతమున కుంటుచు నడచిన దినములు కలవు. అది ఇంకను జాఱినచో యంత్రములు తమ్ము తాము కాపాడుకొనుటకై ఒక్కొక్కటిగా కాడి విడిచిపోవును. అంతట అంధకారమే. ఆ భయముననే ఊళ్లకు ఊళ్లు కోసివేయుచుండిరి.

ఈ రోగమునకు మందు 2003 జనవరిలో దక్షిణాదికి వచ్చినది. ఏ రాష్ట్రము ఎంత తీసికొనునో ముందుగా చెప్పవలెను. కాడి నెమ్మదించినవేళ చెప్పినదానికంటె ఎక్కువ తీసికొన్నవారు హెచ్చువెల చెల్లింపవలెను. కాలువ వంతు తప్పినవానికి జరిమానా వేయుటవంటిదే ఇది. నూఱేండ్లుగా డెల్టాలో ఉన్న న్యాయము తీగపై అప్పటికి వచ్చినది! హద్దులను నానాటికి బిగించి, 2014 నాటికి 49.9 - 50.05 నడుమ నిలుపవలయునని నిర్ణయించిరి.

నడుమ రాష్ట్రమున జరిగినవి మీ రెఱిగినవే గనుక క్లుప్తముగా చెప్పెదను. 1999లో మండలిని విడగొట్టి ఉత్పత్తి, ప్రసారము వేఱుచేసిరి. 2000 ఆగస్టు 28న ఛార్జీల పెంపునకు వ్యతిరేకముగా హైదరాబాదు బషీరుబాగులో జరిగిన ప్రదర్శనపై కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. 2004 మే నెలలో సేద్యమునకు ఉచిత విద్యుత్తు వచ్చెను. ఉచితము తప్పా ఒప్పా అను వాదములోనికి నేను పోను. మోటారు చుట్టించు ఖర్చును లెక్కించినవారు ఆ వాదములో నా కంతగా కనబడలేదు.

2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తరాది గ్రిడ్డు రెండుమాఱులు కూలి, రెండవనాడు అఱువదికోట్ల జనుల ప్రాంతము చీకటిపాలయ్యెను. మనము తప్పించుకొంటిమి. కారణము మన ఘనత కాదు, మన కాడి వేఱుగానుండుటయే. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపురము తీగతో మనమును ఆ పెద్దకాడికి కట్టబడితిమి. ఇక దేశమంతయు ఒక్క అడుగు. ఒకచోటి కొఱత మఱియొకచోటి మిగులుతో తీఱును, ఒకచోటి దోషము దూరమునకు ప్రాకనువచ్చును. 2025 ఏప్రిల్ 28న స్పెయిను, పోర్చుగలు దేశములు రెండును మధ్యాహ్నవేళ, ఎండ మండుచుండగా, ఒక్కసారిగా విద్యుత్తు లేనివైనవి. అచ్చట లోపించినది విద్యుత్తు కాదు, వోల్టేజిని అదుపుననుంచు శక్తి. సంపన్నదేశములకును ఈ నిలుకడ సులభము కాదన్నమాట.

కొండపల్లి మఱియొక పాఠమును చూచినది. ఇచ్చటనే ల్యాంకో సంస్థ గ్యాసుతో నడచు కేంద్రమును కట్టెను. 2000లో 368 మెగావాట్లు, 2010లో 366. 2009లో కృష్ణా - గోదావరి సముద్రగర్భపు గ్యాసు పైకి వచ్చినపుడు, ఇక మనకు కొఱతయే లేదని పత్రికలు వ్రాసినవి. కొలదియేండ్లలోనే ఆ గ్యాసు క్షీణించెను, 2013 నాటికి విద్యుత్కేంద్రములకు దాదాపు ఆగిపోయెను. మూడవదశ 742 మెగావాట్ల యంత్రములు సిద్ధమగునాటికి వానికి తగిన గ్యాసు లేదు. నీటిని నమ్మినపుడు కఱవు వచ్చెను, గ్యాసును నమ్మినపుడు బావి ఎండెను.

ఇప్పుడు ఎండ, గాలి. అనంతపురము, కర్నూలు, కడప మెట్టలపై గాలిమరలు సుమారు 4000 మెగావాట్లు వెలసినవి. కర్నూలుసీమలో 2017 నాటికి వేయి మెగావాట్ల సౌరక్షేత్రము సిద్ధమయ్యెను. ప్రభుత్వమే ఇరువదియైదేండ్లపాటు గాలివిద్యుత్తును యూనిటునకు 4 రూపాయల 80 పైసలకు పైగా కొనునట్లు ఒడంబడిక చేసికొనెను. ఇంతలో 2017లో రాజస్థానమునందలి భడ్లలో సౌరవిద్యుత్తు వేలమున 2 రూపాయల 44 పైసలకు దిగెను. 2019లో వచ్చిన ప్రభుత్వము పాతధరలను తగ్గింపబూని, చెల్లింపులు బిగబట్టెను. వ్యాజ్యము సాగి, 2022 మార్చిలో హైకోర్టు ఒడంబడిక ప్రకారమే చెల్లింపుమని తీర్పు చెప్పెను. ఎక్కువధర యిచ్చుట ప్రజలకు భారమే. అయినను వ్రాసియిచ్చిన మాటను తప్పినచో, రేపు మఱియొకడు పెట్టుబడి పెట్టునపుడు ఆ భయమునకు కూడ వడ్డీ వేసి అడుగును. ఇది వడ్డీవ్యాపారమెఱిగిన మన పెద్దలకు నేను చెప్పవలసినది కాదు.

ఎండవిద్యుత్తు రైతునకు మేలే చేసినది. సేద్యమునకు పగటివేళ తొమ్మిదిగంటలు ఇచ్చు పద్ధతి సూర్యునితో చక్కగా జతపడును. అర్ధరాత్రి పొలమునకు పోయి పాముకాటుపాలగుట తగ్గును. చిక్కు సాయంకాలము వచ్చును. సూర్యుడు క్రుంకుటయు, ఇంటింట దీపములు, ఫంకాలు లేచుటయు ఒక్కవేళనే. అప్పుడు కొండపల్లి బొగ్గుయంత్రము పైకెగయవలయును. పగలు దానిని తగ్గించి నడపుదురు, అట్లు నడపుట దానికి శ్రమ. నడువకున్నను దాని స్థిరవ్యయమును మనమే చెల్లింపవలెను. 2022 ఏప్రిల్ నెలలో ఎండలు ముదిరి కొఱత యేర్పడగా పరిశ్రమలకు విద్యుత్సెలవులు ప్రకటించిరి. ఎండ పుష్కలముగానున్న నెలయే సుమా అది!

దీనికి తరుణోపాయము మన నదిపైననే ఎప్పుడో కట్టియున్నది. నాగార్జునసాగరమున 100.8 మెగావాట్ల యంత్రములు ఏడు కలవు. అవి నీరు క్రిందికి పడునపుడు విద్యుత్తు ఇచ్చును, మిగులు విద్యుత్తు ఇచ్చినచో వెనుకకు తిరిగి నీటిని పైకి తోడును. విద్యుత్తును గాదెలో పోయలేమంటిని, నీటిని మాత్రము జలాశయమున పోయవచ్చును. కాని దిగువ నీరు నిలుపు చిన్న ఆనకట్ట చాలకాలము లేకుండుటచే తోడుపని సాగలేదు. అది సిద్ధమగువేళకు రాష్ట్రము రెండయి, ప్రధాన యంత్రశాల తెలంగాణమునకు పోయెను. కర్నూలుసీమ పిన్నాపురమున, నదీగర్భముపై గాక కొండపై నొకటి, దిగువనొకటిగా రెండు జలాశయములు కట్టి ఎండను, గాలిని, నీటిని ముడివేయు పనికి 2022లో శంకుస్థాపన జరిగినది.

ఇట్టి జలాశయములకును, ట్రాన్సుఫార్మరులకును, పగలు విశ్రమించు బొగ్గుయంత్రములకును అగు ఖర్చే మన బిల్లులో సర్దుబాటు మొదలగు పేర్లతో వచ్చుచున్నది. ఎంతవఱకు న్యాయమో తేల్చునది విద్యుత్ నియంత్రణ మండలి. ధరలు నిర్ణయించుటకు ముందు అది ప్రజల అభ్యంతరములు ఆలకింపవలయునని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ విచారణలకు సంస్థల వకీళ్లు లెక్కలతో పోవుదురు. మెట్టగ్రామమునుండి ఒక పెద్ద, తన ఊరి ట్రాన్సుఫార్మరు ఏ తేదీని కాలినది, ఎన్నిదినములకు మార్చిరి, ఎన్ని మోటారులు చుట్టించితిమి అని ఒక పుస్తకమున వ్రాసికొనిపోయినచో, దానిని కాదనుటకు వీలులేదు. మా ఇంటి యజమాని అట్టి పుస్తకము వ్రాసియుండలేదు. తాకట్టుచీటి మాత్రము దాచియుంచెను.