టైంటేబుల్లో పాట ఎక్కడుంది?

హైదరాబాద్ శివారు పుప్పాలగూడలో చిన్నపిల్లల బడి వెతుక్కునే తల్లిదండ్రుల చేతికి వచ్చే రంగుల బ్రోచర్లలో మూడు బొమ్మలు తరచూ కనిపిస్తాయి. కీబోర్డు ముందు కూర్చున్న పాప, గోడ పొడవునా పుస్తకాల అరలు, పచ్చిక మీద పరుగెత్తే పిల్లలు. ఆ బడి టైంటేబుల్ కూడా అడిగి చూస్తే ఆ మూడింటికీ ఇచ్చిన చోటు తెలుస్తుంది. పాట వారాంతపు ఆఖరి పీరియడ్లో ఉంటుంది. లైబ్రరీ వారానికొక్కసారి. ఆట ఉంటుంది, పరీక్షలు దగ్గరపడేదాకా. కొన్నిచోట్ల ఇవన్నీ బడి గంటలు అయ్యాక, వేరే ఫీజు కింద. అసలు చదువు వేరే ఉందనీ, ఇవి దానికి పెట్టే నగలనీ ఒక నమ్మకం ఈ ఏర్పాటు వెనక ఉంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడికి నూరేళ్ళు నిండుతున్న సందర్భంలో, ఆ సంస్థ తన సొంత నేల మీద చేసిన పనిని ఈ నమ్మకానికి ఎదురుగా పెట్టి చూడాలి. ఐదో తరగతి లోపు పిల్లలకు చదువు ఒంటబట్టేది పాట, పుస్తకం, ఆరుబయలు ద్వారానేనని ఆ చరిత్ర సూచిస్తోంది. వాటిని పక్కకు జరిపిన బడిలో మిగిలేది సిలబస్ మాత్రమే.

రిషివ్యాలీని స్థాపించిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. ముప్పై ఏళ్ళ తర్వాత ఒక విద్యాకేంద్రం కోసం పుట్టిన ఊరి చుట్టుపక్కలే స్థలం వెతికి, తెట్టు గ్రామం దగ్గర పెద్ద మర్రిచెట్టు ఉన్న లోయను ఎంచుకున్నారు. 1926ను పునాది సంవత్సరంగా చెబుతారు. మద్రాసు గిండీలో నడుస్తున్న బడి 1931లో ఇక్కడికి తరలివచ్చింది. జి.వి. సుబ్బారావు ప్రధానోపాధ్యాయుడిగా తొలి పదేళ్ళు దాన్ని నిలబెట్టారు. లోయ అనగానే పచ్చదనం ఊహించుకోనక్కర్లేదు. అది రాయలసీమ కరువు నేల, బోడి గుట్టలు, గుండ్రాళ్ళు. ఏళ్ళ తరబడి చెట్లు నాటి, వాన నీళ్ళు ఇంకేలా కుంటలు తవ్వితేనే ఆ నేల మారింది. 1991 నాటికి ఆ ప్రాంగణం పక్షుల సంరక్షణ స్థలమైంది. దక్షిణాది రాతి గుట్టల్లో తప్ప కనిపించని పసుపు గొంతు పిగిలిపిట్ట అక్కడి పిల్లలకు ఇరుగుపొరుగు. ఆ బడి పిల్లలకు పర్యావరణ పాఠం పుస్తకంలో మొదలు కాలేదు, అదే ముఖ్యం.

ఇక పాట సంగతి. మదనపల్లెకు ఆ విషయంలో రిషివ్యాలీ కంటే ముందే ఒక చరిత్ర ఉంది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసినప్పుడు ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరలిపి రాసిపెట్టారు. దేశంలోని బడిపిల్లలందరికీ వచ్చిన పాట బాణీ కాగితం మీద కుదురుకున్నది మన చిన్న ఊళ్ళో అని మన పిల్లల్లో ఎందరికి చెబుతున్నామో!

రిషివ్యాలీ కథ ఆ పెద్ద ప్రాంగణంతోనే ఆగిపోతే దాన్ని ఆధారంగా చూపడం కష్టమయ్యేది. ఫీజు కట్టి, హాస్టల్లో ఉండి చదివే పిల్లలకు పాట, ప్రకృతి దొరకడంలో విశేషం ఏముంది? విశేషమంతా ప్రహరీ బయట జరిగింది. 1980ల చివర వై.ఎ. పద్మనాభరావు, రమ రిషివ్యాలీ తరఫున చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడుల పని చేపట్టారు. ఒక గది, ఒక టీచరు, ఐదు తరగతుల పిల్లలు, ఇదీ పరిస్థితి. వాళ్ళు పాఠ్యపుస్తకాన్ని విప్పి కార్డులుగా మార్చారు. కార్డులన్నింటినీ మెట్లుమెట్లుగా ఒక నిచ్చెన మీద అమర్చారు. ఏ మెట్టులో ఏం చేయాలో చదవలేని పిల్లకు కూడా తెలిసేలా గుర్తుల బొమ్మలు పెట్టారు. పిల్లలెవరికి వాళ్ళు తమ వేగంతో ఎక్కుతారు. నాలుగు రోజులు మేకలు కాయడానికి పోయిన పిల్లవాడు తిరిగొచ్చి, ఆగిన మెట్టు నుంచే మొదలుపెడతాడు. ఆ కార్డుల్లోని సరుకు ఎక్కడిదనేది అసలు సంగతి. ఆ ఊళ్ళ కథలు, పాటలు, తోలుబొమ్మలాట, అమ్మలు బడికొచ్చి చెప్పే కథలు. కొలతల పాఠానికి ‘మెట్రిక్ మేళా’ పేరుతో ఒక సంతే పెట్టారు. ఊరి పెద్దలు వచ్చి పిల్లల చేత ఎత్తు కొలిపించుకున్నారు, బరువు తూయించుకున్నారు. దశాంశాలు అర్థమయ్యాయా అని వేరే అడగాల్సిన పని లేదు. ఈ పద్ధతి చూసొచ్చిన కర్ణాటక టీచర్లు 1995లో హెచ్.డి. కోటె తాలూకాలో ‘నలి కలి’ మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు కార్డులు, నిచ్చెన అందుకున్నాయి. ఆపైన తమిళనాడు అంతటికీ పాకాయి. ఒక కరువు లోయలోని ఒంటి గది బడుల్లో పుట్టిన పద్ధతి పక్క రాష్ట్రాల సర్కారు బడులకు పనికొచ్చిందంటే, దాన్ని కలిగినవాళ్ళ సరదా అని కొట్టిపారేయలేం.

పాటకు ఇంత పని ఎందుకు అప్పగించారు? తెలుగు రాత నేర్చుకునే పిల్ల ఎదుట ఉన్న కొండను చూస్తే తెలుస్తుంది. ప్రతి హల్లుకూ ఒక గుణింతం, ఆపైన ఒత్తులు. కంటితో గుర్తుపెట్టుకోవాలంటే వందల రూపాలు. మన వీధిబడి ఈ చిక్కును ఎప్పుడో గొంతుకు అప్పగించింది. గుణింతాలూ ఎక్కాలూ రాగం తీశారు, శతక పద్యాలు నోటికి పట్టించారు. దాన్ని బట్టీ అని వెక్కిరించడం మనకు అలవాటైంది. వెక్కిరింతలో సగం న్యాయం ఉంది, ఎందుకంటే అక్కడి పాట గొంతులోనే ఉండిపోయింది, అర్థం దాకా దిగలేదు. కానీ పద్ధతిలోని మెలకువ మాత్రం నిజం. ‘పలక’కూ ‘పాలక’కూ తేడా మొదట చెవికి అందాలి, తర్వాతే కంటికి. దీర్ఘాలు ఎగరగొట్టి రాసే పిల్లలకు ఎర్ర సిరాతో సున్నాలు చుట్టే బదులు పాడిస్తే, దీర్ఘం ఎంతసేపు నిలబడుతుందో నోటికే తెలుస్తుంది. లెక్కలకూ అంతే. ఆది తాళంలో ఎనిమిది అక్షరాలు నాలుగు, రెండు, రెండుగా విడిపోతాయి. అదే వరుసను రెండో కాలంలో పాడితే ఒక్కో దెబ్బకు రెట్టింపు స్వరాలు పడతాయి. భిన్నాలు చెప్పడానికి దీనికంటే దగ్గరి దారి ఏది? శాస్త్రీయ సంగీతం రాని టీచరుకు బతుకమ్మ చప్పట్లున్నాయి, కోలాటం ఉంది. పుప్పాలగూడలో ఏటా అపార్టుమెంటు సెల్లార్లలో వినిపించే ఆ చప్పట్లను ఒకటో తరగతి గణితంలోకి తీసుకురావడానికి ఏ పరికరమూ కొనక్కర్లేదు.

పుస్తకాల విషయానికి వస్తే, తక్కిన ఊళ్ళకు మంచిదైనది పుప్పాలగూడకు అవసరమైపోయింది. ఇక్కడి టవర్లలో కాపురమున్నవాళ్ళూ, ఆ టవర్లు కట్టడానికి పాలమూరు నుంచీ ఒడిశా, బిహార్ నుంచీ వచ్చినవాళ్ళూ ఒకే రోడ్డు మీద నడుస్తారు. ఇంట్లో తెలుగు, హిందీ, ఒడియా, తమిళం, బెంగాలీ మాట్లాడే పిల్లలు ఉన్న ఊరిది. 2018 తెలంగాణ చట్టం బడుల్లో తెలుగును తప్పనిసరి చేసింది. మంచిదే. కానీ గటక, అంబలి ఎరిగిన పిల్లకు కూడా పుస్తకంలోని తెలుగు పొరుగింటి భాషలా తోస్తే, ఒడియా పిల్ల గతి ఏమిటి? ముప్పైమంది పిల్లలు ఒకే వాచకం ముప్పై ప్రతులు కొంటే ఆ తరగతిలో ఉన్నది ఒక్క పుస్తకమే. గుజరాత్ విద్యావేత్త గిజుభాయి బధేకా ‘పగటి కల’లో ఉపాధ్యాయుడు చేసింది ఈ లెక్కే. పాఠ్యపుస్తకాల డబ్బును పోగేసి, తరగతికొక గ్రంథాలయం పెట్టాడు. మనకు సరుకు కొరత అనే మాట చెల్లదు. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వారి చిన్న పుస్తకాలున్నాయి. ప్రథమ్ బుక్స్ 2015లో తెరిచిన స్టోరీవీవర్లో ఒకే కథ తెలుగులోనూ ఒడియాలోనూ డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు. ఇంకాస్త వెనక్కి పోతే న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ‘బాల’ ఉంది. రేడియో అన్నయ్య, అక్కయ్య అంటే పెద్దవాళ్ళకు వెంటనే గుర్తొస్తారు. 1945లో మద్రాసులో మొదలైన ఆ పత్రికలోనే ముళ్ళపూడి వెంకటరమణ తొలి కథ ‘అమ్మ మాట వినకపోతే’ అచ్చయింది. బాపు చిన్నప్పటి బొమ్మలూ అందులోనే వచ్చాయి. పిల్లల పత్రిక పిల్లల చేత రాయించింది. ఆ దంపతుల ‘బాలానందం’ తర్వాత హైదరాబాద్ రేడియోకు వచ్చి పాటనూ కథనూ కలిపి ఇంటింటికీ పంచింది. ఆ పని బడి బయట ఆదివారం పూట జరగాల్సి వచ్చిందంటే, మిగతా ఆరు రోజులూ బడిలో ఏం జరిగిందో ఆలోచించాలి.

ఆరుబయలు అనగానే వచ్చే అభ్యంతరం: రిషివ్యాలీకి లోయ ఉంది, మాకు గజం లక్షలు పలికే నేల ఉంది, పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోవాలి? నిజమే, ఇక్కడ ఆటస్థలం దొరకడం కష్టం. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూల్లో ఆటస్థలం, కథల పుస్తకాలున్న గ్రంథాలయం, ఆట సామగ్రి ప్రతి బడికీ ఉండాలని రాసి ఉన్నా సరే. కానీ ఆరుబయలంటే ఫుట్‌బాల్ మైదానమే కానక్కర్లేదు. పుప్పాలగూడ పక్కనే ఖాజాగూడ గుట్టలున్నాయి, 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. పెద్ద బండ మీద చిన్న బండ పడిపోకుండా ఎలా నిలిచిందని ఏడేళ్ళ పిల్ల అడిగితే, ఎండకూ వానకూ రాయి ఉల్లిపొరల్లా ఊడుతుందన్న భూగర్భశాస్త్రం అక్కడే మొదలవుతుంది. 1996 నుంచీ సొసైటీ టు సేవ్ రాక్స్ ఆ రాళ్ళ కోసం పోరాడుతున్నదన్న పౌరశాస్త్రమూ అక్కడే. మన మండలం పేరు గండిపేట. 1908 మూసీ వరద తర్వాత కట్టిన జలాశయం పేరది. వాన పడిన మర్నాడు బడి వీధిలో నీళ్ళు ఎటు పారుతున్నాయో చూసి, ఆ వాలును చెరువు దాకా గీసుకున్న పిల్లకు పటం చదవడం వేరే నేర్పాలా?

సమయం చాలదనేది ఇంకో మాట. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు. రోజుకో అరగంట పాటకో సొంత చదువుకో కేటాయిస్తే 100 గంటలు, అంటే ఎనిమిదో వంతు. అది పోగొట్టుకున్న సమయం అనుకునేవాళ్ళు మిగతా ఏడు వంతులతో ఏం సాధించామో చూడాలి. గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో దాదాపు సగంమంది రెండో తరగతి పాఠాన్ని చదవలేకపోతున్నారని ‘అసర్’ విద్యా సర్వే నివేదికలు చెబుతున్నాయి. పాట, కథల పుస్తకం అడ్డొచ్చి వాళ్ళు వెనకబడలేదు. ఆ పిల్లల్లో ఎక్కువమందికి అవి అందనేలేదు. పల్లె సంగతి మాకెందుకు, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ ఉంది గదా అనే తండ్రికి జవాబు కొంచెం వేరు. ఆ కోచింగ్‌లో పిల్లవాణ్ణి తికమకపెట్టేది చాలాసార్లు లెక్క కాదు, లెక్కను చెప్పిన రెండు వాక్యాల ప్రశ్న. నచ్చిన పుస్తకాలు వంద చదివిన పిల్లకు ఆ రెండు వాక్యాలు భయపెట్టవు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం మాత్రం సంగీతం వైపు నుంచి వస్తుంది. భిన్నాలు నేర్పడానికి ఆది తాళం, స్పెల్లింగు కోసం పాట, పటం కోసం గుట్ట అంటూ పోతే, చివరికి ఇవన్నీ సిలబస్‌కు కూలీలైపోవా? ఇందులో నిజముంది. రిషివ్యాలీ కార్డుల పద్ధతి విస్తరించినచోట్ల ఎదురయ్యే ప్రమాదమూ ఇదే. కార్డులు అచ్చువేయడం తేలిక, పాడే టీచరును తయారుచేయడం కష్టం. అందుకే కార్డు మిగిలి పాట జారిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు. జపాన్‌లో సొసాకు కొబయాషి నడిపిన తొమోయే బడి గుర్తుకొస్తుంది, మన పాఠకులు ‘రైలుబడి’గా ఎరిగినది. అక్కడ తాళానికి అడుగులేయడం ఏ పరీక్షకూ సన్నాహం కాదు. 1945 బాంబుదాడిలో ఆ బడి కాలిపోయింది గానీ, అక్కడ చదివిన తెత్సుకో కురొయనాగి దాని గురించి పుస్తకం రాసేంతగా మనసులో ఉండిపోయింది. మన హైదరాబాద్‌లో కృష్ణమూర్తి ఆలోచనల ప్రభావంతో శాంతా రామేశ్వరరావు 1961లో పెట్టిన విద్యారణ్య కూడా కళను మార్కుల పక్కన కట్టేయలేదు. కాబట్టి రెండూ ఉండాలి: పాఠంలో కలిసిన పాట, ఏ పాఠానికీ లొంగని పాట. మొదటిది లేకుంటే చదువు ఎండిపోతుంది. రెండోది లేకుంటే మొదటిది త్వరలోనే వర్క్‌షీటు అయిపోతుంది.

పాట కాకపోయినా, ఏ పాఠానికీ లొంగని వేళను రిషివ్యాలీ ఒక అలవాటుగా మార్చుకుంది. అస్తాచలం అంటారు. సాయంత్రం పిల్లలంతా చేరి, మాట్లాడకుండా కూర్చుని సూర్యాస్తమయం చూస్తారు. దానికి ప్రశ్నపత్రం లేదు, డైరీలో రాయాల్సిందీ లేదు. పుప్పాలగూడలో పొద్దుగుంకే వేళకు బడి బస్సులు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటాయి, పిల్లలు ట్యూషన్లో ఉంటారు. పగటి బడికి అస్తాచలం కుదరదు. పొద్దున అసెంబ్లీలో ప్రకటనలు అయ్యాక ఐదు నిమిషాలు మైకు ఆపేయడం కుదురుతుంది.