పెనెలొపి పెట్టిన పరీక్ష: హోమర్ కావ్యాలలో ప్రేమ, నిష్ఠ, దైవశక్తి

గ్రీకుల ఆదికావ్యాలు రెండు. ఒకటి 15,600కు పైగా పంక్తులున్న ఇలియడ్, రెండవది సుమారు 12,100 పంక్తుల ఒడిస్సీ. రెండింటినీ సంప్రదాయం హోమర్ పేరుతోనే ముడిపెట్టింది. ఇవి దాదాపు క్రీ.పూ. 8వ శతాబ్ది చివరికీ 7వ శతాబ్దికీ మధ్య నేటి రూపం పొందాయని పలువురు పండితుల అభిప్రాయం. అమెరికన్ పండితుడు మిల్మన్ పారీ 1933-35 మధ్య యుగోస్లావియాలో గాయకుల పాటలు రికార్డు చేసి, హోమర్ శైలికి మూలం మౌఖిక గానమేనని నిరూపించే ప్రయత్నం చేశాడు. ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో ఆ పరిశోధనను గ్రంథరూపంలో పూర్తి చేశాడు. సభలో పాడి వినిపించిన కథలు కాబట్టి వీటిలో కవి ఊహతోపాటు విన్నవారి నీతి కూడా కనిపిస్తుంది. ప్రేమ గురించీ, నిష్ఠ గురించీ, దేవతల అధికారం గురించీ ఆనాటి సమాజం ఏమనుకున్నదో తెలుసుకోవడానికి ఇవి మనకు చరిత్ర ఆధారాలు కూడా.

ముందుగా ఇలియడ్ చూద్దాం. మూడవ సర్గలో ఓడిపోబోతున్న పారిస్‌ను అఫ్రొడైటి దేవత యుద్ధరంగం నుంచి తప్పించి, అతని పడకగదికి రమ్మని హెలెన్‌ను పిలుస్తుంది. హెలెన్ ఒప్పుకోదు. కావాలంటే నువ్వే వెళ్ళి అతనికి సేవ చేసుకొమ్మని దేవతనే ఎత్తిపొడుస్తుంది. అఫ్రొడైటి కోపించి బెదిరిస్తే భయపడి, మౌనంగా వెనుక నడుస్తుంది. ప్రేమ ఇక్కడ హృదయంలో పుట్టే భావం మాత్రమే కాదు, బయటినుంచి మీదపడే బలం కూడా. దేవత స్వయంగా హెలెన్‌కు కుర్చీ తెచ్చివేయడం అనుచితమని క్రీ.పూ. 3వ శతాబ్దిలో అలెగ్జాండ్రియా పండితుడు జెనోడొటస్ ఆ పంక్తులను శంకించాడు. అంటే ఈ ఘట్టం ప్రాచీనులనే ఇబ్బందిపెట్టింది.

ఒడిస్సీ ఇంకో అడుగు వేస్తుంది. మొదటి సర్గలోనే జ్యూస్ ఒక మాట చెబుతాడు: మనుషులు తమ కష్టాలన్నిటికీ దేవతలను నిందిస్తారు, కాని సొంత అవివేకంతో విధిని మించిన కష్టాలు కొనితెచ్చుకుంటారు. అందుకు ఆయన చూపే ఉదాహరణ ఏగిస్థస్. హెర్మిస్ చేత ముందే హెచ్చరిక పంపినా వినక, అగమెమ్నన్ భార్యను చేపట్టి, తిరిగివచ్చిన భర్తను చంపాడు. ఆ భార్య క్లైటెమ్నెస్ట్రా నీడ కావ్యమంతటా పెనెలొపి పక్కనే నడుస్తుంది. ఇథాకా ఇల్లాలు ఏ దారి పడుతుందోనన్న ఆందోళన శ్రోతకు చివరిదాకా తీరదు.

అయితే నిష్ఠ అన్నది ఇద్దరికీ ఒకటే కొలతా? కాదు. ఒడిస్సియస్ సర్సీ దగ్గర ఒక ఏడాది, కాలిప్సో దీవిలో ఏడేళ్ళు గడిపాడు. కావ్యం అతణ్ణి తప్పుపట్టదు. అతని నిష్ఠకు కొలత ఇంటిమీద ధ్యాస. పెనెలొపి అందంలో నీకు సాటిరాదని కాలిప్సోతో ఒప్పుకుంటూనే, అమరత్వం ఇస్తానన్నా వద్దని ఇల్లే కోరుకుంటాడు. ఈ అసమానతను కవి గమనించకపోలేదు. దానిని ఒక దేవత నోటనే పలికించాడు. అతణ్ణి వదిలిపెట్టమని హెర్మిస్ ఆజ్ఞ తెచ్చినప్పుడు కాలిప్సో మండిపడుతుంది: దేవతాస్త్రీలు మానవులను వరిస్తే దేవుళ్ళు ఓర్వలేరట. ఓరియన్, ఇయాసియన్‌ల చావులను ఆమె సాక్ష్యంగా చూపుతుంది. వాదన ఆమెదే బలమైనది, అయినా లొంగక తప్పదు. జ్యూస్ ఆజ్ఞకు ఎదురులేదు.

పురాణాలు వింటూ పెరిగిన మనం పెనెలొపిని వెంటనే పతివ్రతల వరుసలో చేర్చి ఊరుకుంటాం. కాని ఆమె నిష్ఠ కేవలం ఎదురుచూపు కాదు, ఒక వ్యూహం. మామ లేర్టీస్ కోసం శవవస్త్రం నేస్తున్నానని చెప్పి, పగలు నేసినది రాత్రి విప్పుతూ మూడేళ్ళు గడిపింది. పెళ్ళికి వచ్చిన 108 మంది ఇంట్లోనే తిష్ఠవేసి పశువులను కోసుకుతింటున్నారు. ఆనాటి సమాజానికి పునాది 'ఓయికోస్', అంటే ఇల్లు, భూమి, మందలు, బానిసలు కలిసిన కుటుంబం. మోజెస్ ఫిన్లీ 1954లో వెలువరించిన గ్రంథంలో ఈ సంగతిని వివరంగా చర్చించాడు. పెనెలొపి కాపాడుతున్నది భర్త పడకను మాత్రమే కాదు, ఈ వ్యవస్థ మొత్తాన్ని.

మా దృష్టిలో కావ్యానికి ఆయువుపట్టు 23వ సర్గ. ఒడిస్సియస్ శత్రువులను చంపి స్నానం చేసి వస్తాడు. ఎథీనా అతణ్ణి దివ్యసుందరుడిగా తీర్చిదిద్దుతుంది. అయినా పెనెలొపి నమ్మదు. దేవతలు మనుషులను ఎలా మోసగిస్తారో ఆమెకు తెలుసు. మంచాన్ని గది బయట వేయమని దాసితో అంటుంది. నేలలో వేళ్ళూనిన ఆలివ్ చెట్టు మోడునే కోడుగా మలచిన మంచం అది, కదిలించడం ఎలాగని అతడు మండిపడతాడు. ఆ రహస్యం భార్యాభర్తలకూ ఒక్క దాసికీ తప్ప తెలియదు. అప్పుడు గాని ఆమె కరగదు. దేవత ఇచ్చిన రూపం చేయలేని పనిని దంపతుల ఉమ్మడి జ్ఞాపకం చేసింది. ఆ తరువాతే ఎథీనా తెల్లవారకుండా ఉషస్సును ఆపుతుంది. దైవం ఇక్కడ ప్రేమను పుట్టించలేదు, దానికి కాస్త సమయం ఇచ్చింది. కావ్యానికి పరమావధి ఇదేనని అలెగ్జాండ్రియా పండితులు అరిస్టోఫనీస్, అరిస్టార్కస్ అన్నారు.

కాని అదే ఇంట్లో, ఆ కలయికకు ముందే, ఇంకో ఘట్టం జరిగింది. ఆ ఇంటి 50 మంది దాసీలలో 12 మంది పెళ్ళికొడుకులతో కూడారన్న నేరంమీద టెలెమకస్ వారిని ఉరితీశాడు. వీళ్ళు నా దాసీలను బలవంతంగా చెరిచారని అదే సర్గ మొదట్లో నేరం మోపినవాడు ఒడిస్సియసే. బలవంతం జరిగిందని యజమానికి తెలుసు, అయినా శిక్ష వారికే. స్వేచ్ఛ లేని స్త్రీని నిష్ఠ చూపమనడం, చూపలేదని చంపడం ఆ కాలపు న్యాయం. మార్గరెట్ అట్‌వుడ్ 2005 నాటి నవలలో ఈ పన్నెండుగురికే గొంతునిచ్చింది. ఒడిస్సీని పూర్తిగా ఆంగ్లంలో అనువదించి ప్రచురించిన తొలి మహిళ ఎమిలీ విల్సన్, 2017లో వారిని బానిసలు అనే సూటిగా పిలిచింది.

కాబట్టి ఈ కావ్యాన్ని చదివే విద్యార్థి రెండు దృశ్యాలనూ కలిపే చూడాలి. కదలని మంచం దాంపత్య నిష్ఠకు గుర్తు. ఉరితాళ్ళు ఆ నిష్ఠను నిలబెట్టిన ఇంటి అధికారానికి గుర్తు. దేనిని వదిలేసినా హోమర్ మనకు సగమే దక్కుతాడు.