డూమ్ క్రీడకు అభిమానులు కూర్చిన చరిత్ర

1993వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమునందలి ఇడ్ సాఫ్ట్‌వేర్ అను చిన్న సంస్థ డూమ్ అను వీడియో గేమును వెలువరించెను. ఆ క్రీడ కీర్తిని గూర్చి చెప్పువారు పెక్కురు గలరు. ఆడువారే దానికి చేసిన చేర్పులను, వానిని నమోదు చేసినవారి శ్రమను తలచువారు అరుదు.

ఈ చేర్పులకు మాడ్‌లని పేరు. వీనికి దారి తెరచినది జాన్ కార్మాక్ చేసిన యొక ఏర్పాటు. క్రీడను నడపు యంత్రాంగము నొకచోటను, అందలి గదులను, బొమ్మలను, ధ్వనులను ‘వాడ్’ అను వేరొక ఫైలులోను ఆయన యుంచెను. అందుచే మూలమును చెరపకయే మరియొక చిన్న వాడ్‌ను దానిపై నిలిపి క్రొత్త రంగములో ఆడవచ్చును. 1994 జనవరిలో న్యూజీలండ్‌వాడైన బ్రెండన్ వైబర్ ఇట్టి రంగములను కట్టుటకు డి.ఇ.యు. అను ఉపకరణమును వెలువరించెను. ఆ మార్చి 7న వచ్చిన ‘ఆరిగ్‌వాడ్’లో నున్నవి రెండు గదులే; అయినను తొలి రంగమను గౌరవము దానికే దక్కినది. ఆ యేడు ముగియకమునుపే జస్టిన్ ఫిషర్ ‘ఏలియన్స్’ చలనచిత్రము ననుసరించి క్రీడ రూపమునే మార్చివేసెను.

ఇవి చేరిన భాండాగారమునకు ఇడ్‌గేమ్స్ అని పేరు. అందు ప్రతి వాడ్‌కును ఒక వ్రాతఫైలును జతపరచుట మర్యాద. కర్త యెవరు, కట్టుటకు ఎంత కాలము పట్టినది, ఏ ఉపకరణము వాడినది, తెలిసిన లోపము లేవి, దీనిపై నితరులు మరల కట్టవచ్చునా కూడదా యను వివరము లందుండును. తాళపత్ర ప్రతుల చివర లేఖకుడు తన పేరును, వ్రాసి ముగించిన తిథివారములను చేర్చుట మన మెరిగినదే గదా!

కాని వ్రాతఫైలులో నిమడని చరిత్ర యొకటి గలదు. టీమ్ టి.ఎన్.టి. యను అభిమానుల బృందము ‘ఎవిల్యూషన్’ అను రంగముల సంపుటిని ఉచితముగా పంచుటకై కూర్చెను. తీరా విడుదల ముంగిట 1995లో మూలసంస్థయే దానిని కొనివేసెను. 1996లో అది ‘ఫైనల్ డూమ్’లో భాగమై అంగళ్లకు వచ్చెను. కర్తలకు ప్రతిఫలము దక్కినది. ఉచితమని యెదురుచూచినవారికి మాత్రము ఆగ్రహము మిగిలినది. రెండును న్యాయమే యని నా తలంపు. ఇట్టి సంగతి ఫైలును తెరచి చూచిన దొరకదు. తెలిసినవారు తెలిసినప్పుడే వ్రాసియుంచవలెను.

2005లో ఆరంభమైన డూమ్ వికీ ఆ పనికి పూనుకొన్నది. ఒక్కొక్క రంగమునకు పటము, రహస్య స్థలములు, రాక్షసుల లెక్క, లోపములు, త్వరితముగా ముగించినవారి కాలములు అందు చూడవచ్చును. ఇంత సూక్ష్మత యేల యని నవ్వువారుందురు. మారుపేరుతో ఒక్క రంగము కట్టి మరలిపోయిన కుర్రవానికి ఆ పేజీయే ఆధారము.

తమకు చోటిచ్చిన వికియా సంస్థ పేజీల రూపమును మార్చగా నచ్చక, 2011లో ఆ కార్యకర్తలు స్వంత తావునకు తరలిరి. పాత ప్రతి అక్కడనే నిలిచిపోయెను. అయినను వారు తరలించినది వ్యాసములను మాత్రమే కాదు. 2005 నుండి ఏ మార్పు నెవరు, ఏనాడు చేసిరో తెలుపు చిట్టాను గూడ వెంట గొనిపోయిరి.