పదహారు పెట్టెలు, పదహారు ఉత్తరాలు

మన ఇళ్ళలో కృష్ణరాయల కథ మొదలైతే అప్పాజీ పన్నిన పదహారు పెట్టెల ఎత్తు రాకుండా ఉండదు.

గజపతి ప్రతాపరుద్రుడి కొలువులో పదహారుగురు పాత్రలు, అంటే పెద్ద సేనానులు. వాళ్ళు ఒక్కమాట మీద ఉన్నంతకాలం గజపతిని కదిలించడం కష్టం. తిమ్మరుసు పదహారు పెట్టెల్లో సొమ్ము నింపించి, ఒక్కొక్కరి పేర ఒక్కో ఉత్తరం రాయించాడట. మీరు ఒప్పుకున్న ప్రకారం గజపతిని పట్టి ఇవ్వండి, ఇదిగో మీ సొమ్ము అని. అవి చేరడానికి పంపినవి కావు, దొరకడానికి పంపినవి. దొరికాయి. నా ఉప్పు తిన్నవాళ్ళే నన్ను అమ్మేశారనుకుని గజపతి పారిపోయాడు. పాపం, ఆ పదహారుగురికీ ఏ పాపమూ తెలియదు.

ఈ కథ 'రాయవాచకము'లోది. ఆ పుస్తకానికీ మదురై తెలుగువాళ్ళం మాకూ చుట్టరికం ఉంది. విశ్వనాథ నాయకుడి స్థానాపతి రాయల కొలువు సంగతులు తన దొరకు రాసి పంపినట్టుగా ఉంటుందది. పొరుగు రాజ్యాలకు వెళ్ళొచ్చిన వేగులవాళ్ళు చెప్పిన మాటలు కూడా అందులో ఉన్నాయి. అయితే 1993లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన ఫిలిప్ వాగనర్, ఇది 1600 ప్రాంతంలో మదురై నాయకుల కొలువులోనే పుట్టిందని వాదించారు. అంటే రాయలు పోయిన డెబ్బై ఏళ్ళకు. వేగుల కథలు చెప్పే పుస్తకమే మారువేషం వేసుకుందన్నమాట!

రాయల శాసనాలు చెప్పేది కోటల సంగతి. ఉదయగిరి 1514లో లొంగింది, అదీ ఏడాదికి పైగా ముట్టడించాక. కొండవీడు 1515లో. ఎండలో, వానలో కోటగోడ ముందు కూర్చున్న బంట్ల కథ పిల్లలకు చెప్పి చూడండి, నిద్రపోతారు. పెట్టెల కథకు మాత్రం లేచి కూర్చుంటారు.

దొంగ ఉత్తరం, నగల పెట్టె 'ముద్రారాక్షసం'లో చాణక్యుడు వాడినవే. 1544లో షేర్‌షా కూడా మార్వాడ్ మాల్దేవుడి సర్దారులు రాసినట్టు ఉత్తరాలు పుట్టించి, ఆయన డేరాల దగ్గర పడేయించాడని పాత చరిత్రకారులు రాశారు. మాల్దేవుడు వెనక్కి తగ్గాడు. అనుమానం పడ్డ సర్దారులు తమ మచ్చ కడుక్కోవడానికి నిలబడి పోరాడి చచ్చిపోయారు. కాబట్టి ఇలాంటివి జరగవని మేము అనం. కానీ 1565 తర్వాత, హంపి పాడుపడ్డాక, రాయలవారి గెలుపును తెలివి గెలుపుగా చెప్పుకోవడంలో మన పెద్దలకు ఏదో ఊరట ఉండి ఉంటుందని మాకు అనిపిస్తుంది.

మా సంఘం సంచికలో ఈ కథను మేము చరిత్రగానే అచ్చువేశాం. బరంపురంలో స్థిరపడిన ఒక తెలుగు పెద్దాయన చదివి ఫోన్ చేశారు. "మా మనవళ్ళు ఒడియా పిల్లలతో కలిసి చదువుతున్నారు బాబూ. మీ రాజు ఉత్తరాలు చూసి పారిపోయాడని వీళ్ళు బడిలో అంటే, రుజువేదని వాళ్ళు అడిగితే, ఏం చూపించమంటారు?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. వచ్చే సంచికలో ఆ పేజీ మళ్ళీ వేస్తున్నాం, ఈసారి 'రాయవాచకము చెప్పిన కథ' అని పైన రాసి.