వేటకూ ఇంటికీ ఒకే కుక్క: పక్షివేట జాతిని ఎంచుకునేముందు తెలుసుకోవలసినవి

ఆధునిక కుక్కల ప్రదర్శనలలో మొదటిదిగా చెప్పుకునే పోటీ 1859 జూన్‌లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ అపాన్ టైన్‌లో జరిగింది. అందులోకి పాయింటర్లను, సెట్టర్లను మాత్రమే అనుమతించారు. రెండూ పక్షివేట కుక్కలే. విజేతలకు బహుమతిగా ఇచ్చినవి తుపాకులు. అయితే అక్కడ న్యాయనిర్ణేతలు చూసింది కుక్క రూపాన్నే గానీ పనిని కాదు. ఆరేళ్ల తరువాత, 1865లో, బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని సౌత్‌హిల్‌లో కుక్కలను పొలంలోకి వదిలి పనితనాన్ని పరీక్షించే పోటీ నిర్వహించారు. అందానికొక దారి, పనికొక దారి అప్పటినుంచే విడివడసాగాయి. నేడు ఒకే పేరున్న జాతిలోనూ ఈ రెండు వంశాలు కనిపిస్తాయి. వేటకూ ఇంటికీ ఒకే కుక్క కావాలనుకునేవారు జాతి పేరుతో పాటు అది ఏ దారిన వచ్చిందో కూడా విచారించుకోవాలి.

పనిని బట్టి స్వభావం

పక్షివేటలో కుక్కలు చేసే పనులు ప్రధానంగా మూడు: పక్షి ఎక్కడుందో చూపించడం, దాన్ని పొదల్లోంచి లేపడం, కూలిన పక్షిని వెతికి తేవడం. పాయింటర్, సెట్టర్ మొదటి పనికి పుట్టినవి. గాలిలో వాసన తగలగానే పాయింటర్ ఉన్నచోటే బిగుసుకుపోతుంది. ముంగాలు ఒకటి మడిచి, ముక్కు నుంచి తోక దాకా ఒకే గీతలా నిలుస్తుంది. వేటగాడు వచ్చేదాకా కదలదు. సెట్టర్ అనే పేరు ఆ కుక్క నేలకు ఒదిగిపోయే తీరు నుంచి వచ్చింది. తుపాకులు వ్యాపించకముందు కుక్క ఒదిగిన చోట పక్షుల మీద వల వేసేవారు. ఈ కుక్కలు యజమానికి చాలా దూరంలో, విశాలమైన బీడు భూముల్లో సొంత నిర్ణయంతో తిరగాలి. అందువల్ల వాటిలో వేగం, ఓపిక, స్వతంత్ర బుద్ధి ఎక్కువ. ఇంట్లో అవి నెమ్మదిగానే ఉంటాయి, కానీ గేటు తెరిచి ఉంటే పక్క వీధిలో ఆగవు.

స్పానియళ్ల తీరు వేరు. అవి తుపాకీ అందే దూరం దాటకుండా, యజమానికి ఇరవై ముప్పై మీటర్లలోపే పొదలు గాలించి పక్షిని పైకి లేపుతాయి. కాకర్ స్పానియల్ పేరు వుడ్‌కాక్ అనే పక్షి నుంచి వచ్చింది. దగ్గరగా తిరగడం, తరచూ వెనుదిరిగి యజమానిని చూడడం వాటి పనిలో భాగం. ఇల్లు చిన్నదై, వేట అప్పుడప్పుడు మాత్రమే ఉండే కుటుంబానికి ఈ అలవాటు అనుకూలిస్తుంది.

మూడో పనికి వచ్చేవి రిట్రీవర్లు. లాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్ల వెంట పనిచేసిన నీటికుక్కలు. గోల్డెన్ రిట్రీవర్ మొదటి ఈత 1868లో స్కాట్లండ్‌లోని గిసాకన్ ఎస్టేట్‌లో పుట్టింది. అవి లార్డ్ ట్వీడ్‌మౌత్ పెంచిన నౌస్ అనే పసుపు రిట్రీవర్‌కు, బెల్ అనే ట్వీడ్ వాటర్ స్పానియల్‌కు కలిగిన పిల్లలు. రిట్రీవర్ పనిలో సగం నిరీక్షణే. వేటగాడి పక్కన చప్పుడు చేయకుండా కూర్చోవాలి, పక్షి ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకోవాలి, చెప్పినప్పుడే కదలాలి, ఈక చెదరకుండా నోట కరుచుకొని తెచ్చి చేతికివ్వాలి. ఆ నిగ్రహం, మనిషి చేతికి వస్తువు అందించాలనే ఆరాటం ఇంట్లోనూ పనికొచ్చాయి. 1991 నుంచి 2021 దాకా వరుసగా 31 ఏళ్లు అమెరికన్ కెనెల్ క్లబ్ నమోదులలో లాబ్రడార్ మొదటి స్థానంలో నిలవడానికి దాని ముఖం కన్నా ఈ గుణమే ఎక్కువ కారణమని చెప్పవచ్చు.

ఐరోపా ఖండంలో ఇంకో ఆలోచన సాగింది. ఒక్కో పనికి ఒక్కో కుక్కను పోషించగల సంపన్న ఎస్టేట్లు బ్రిటన్‌లో ఉండేవి. జర్మనీ, హంగరీ, ఫ్రాన్స్‌లలో సామాన్య వేటగాడికి అన్ని పనులూ చేసే ఒకే కుక్క కావలసి వచ్చింది. జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్, వైమరనర్, విజ్లా, బ్రిటనీ ఆ కోవకు చెందినవి. కాగితం మీద వేటకూ ఇంటికీ సరిపోయే జవాబు ఇవే. పేచీ అంతా వాటి శక్తితోనే. షార్ట్‌హెయిర్డ్ పాయింటర్‌కు రోజుకు గంటన్నర, రెండు గంటల పరుగు కావాలి. గొలుసు పట్టుకొని కాలనీ చుట్టూ నడిపించడం దానికి వ్యాయామం కిందికి రాదు. విజ్లా యజమానిని అంటిపెట్టుకొని ఉంటుంది. అందరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో ఒంటరితనం భరించలేక తలుపులు గీరుతుంది, వస్తువులు కొరుకుతుంది. పదునాలుగు నుంచి పద్దెనిమిది కిలోల బ్రిటనీ వీటిలో చిన్నది, స్వభావంలో మృదువైనది. గట్టిగా కసిరితే ముడుచుకుపోతుంది గనుక కోపిష్ఠి యజమానికి పనికిరాదు.

ఇంట్లో పెరిగితే ముక్కు పాడవుతుందా?

వేటకుక్కను ఇంట్లోకి రానిస్తే పనికిరాకుండా పోతుందనే నమ్మకం పాత వేటగాళ్లలో బలంగా ఉండేది. ఇంటి గాలి ముక్కును మొద్దుబార్చదు. నలుగురి మధ్య పెరిగిన కుక్కకు మనిషి గొంతు, చేతి సైగ త్వరగా అర్థమవుతాయి. చిక్కు ఎక్కడంటే, ఇంట్లో తండ్రి ‘కూర్చో’ అంటాడు, కూతురు ‘సిట్’ అంటుంది, అమ్మమ్మ ఏమీ అనకుండా బిస్కెట్ పెడుతుంది. కుక్కకు మాట విలువ తెలియకుండా పోయేది అక్కడే. కుటుంబమంతా ఒకే ఆజ్ఞకు ఒకే మాట వాడాలి.

తుపాకీ మోతకు బెదరడం చాలావరకు తొందరపాటు శిక్షణ ఫలితం. మొదట దూరం నుంచి చిన్న శబ్దం వినిపించి, కుక్క తిండిలోనో ఆటలోనో మునిగి ఉన్నప్పుడు క్రమంగా దగ్గరకు తేవాలి. లేత పిల్లను నేరుగా వేటకు తీసుకువెళ్లి పక్కనే పేలిస్తే, ఆ భయం పోగొట్టడానికి నెలలు పట్టవచ్చు. ఒక్కోసారి పోదు కూడా.

పసిపిల్లలున్న ఇంటికి మరో జాగ్రత్త ఉంది. ఏడాది వయసున్న లాబ్రడార్ ప్రేమతోనే దూకినా రెండేళ్ల బిడ్డ కింద పడుతుంది. పెరట్లో నాటుకోళ్లు, ఇంట్లో చిలుక ఉంటే పాయింటర్లు, సెట్టర్లు వాటిని పక్షులుగానే చూస్తాయి.

ఆరోగ్యం విషయంలో

రిట్రీవర్లలో తుంటి, మోచేతి కీళ్ల లోపాలు వంశపారంపర్యంగా వస్తాయి. తల్లిదండ్రులకు ఎక్స్‌రే పరీక్షలు జరిగాయో లేదో అడగడం కొనేవారి హక్కు. లాబ్రడార్ ఎప్పుడూ ఆకలిగా కనిపించడానికి జన్యు కారణమూ ఉంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం సుమారు నాలుగో వంతు లాబ్రడార్లలో పీఓఎంసీ అనే జన్యువులో కొంత భాగం లోపించింది. అవి తిండి కోసం ఎక్కువగా ఆరాటపడతాయి. గోల్డెన్లలో క్యాన్సర్ బెడద ఎక్కువ. అందుకే అమెరికాలోని మోరిస్ యానిమల్ ఫౌండేషన్ 2012 నుంచి మూడు వేలకు పైగా గోల్డెన్లను జీవితాంతం గమనించే అధ్యయనం చేపట్టింది. కాకర్ల వేలాడే చెవులను వారం వారం శుభ్రం చేయకపోతే చీము పడుతుంది. లోతైన ఛాతీ ఉండే వైమరనర్, సెట్టర్లలో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. ఉబ్బరం కనిపించిన వెంటనే వైద్యుడి దగ్గరకు పరుగెత్తాలి.

భారత్‌లో ప్రశ్న వేరు

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కారణంగా భారత్‌లో కౌజు, కంజు వంటి అడవి పక్షులను వేటాడటం నేరం. కాబట్టి ఇక్కడ లాబ్రడార్, గోల్డెన్, కాకర్ తెచ్చుకునేవారు ఇంటి కోసమే తెచ్చుకుంటారు. చట్టం వేటను ఆపింది గానీ కుక్కలోని వేట బుద్ధిని ఆపలేదు. పని దొరకని ఆ బుద్ధి చెప్పులు కొరకడంగా, బాల్కనీలో పావురాలను చూసి అదేపనిగా మొరగడంగా బయటపడుతుంది. కుక్క చెడ్డదని అప్పుడు ఎవరికో ఇచ్చేస్తారు, లేదా వీధిలో వదిలేస్తారు. ఇంట్లో వస్తువు దాచి వెతికించడం, విసిరిన బొమ్మను ఆగమన్నప్పుడు ఆగి, తెమ్మన్నప్పుడు తెచ్చేలా నేర్పడం, వీలున్నచోట ఈత కొట్టించడం వేటకు మంచి ప్రత్యామ్నాయాలు. పోలీసు శాఖలు లాబ్రడార్లతో పేలుడు పదార్థాలను వెతికించేది కూడా ఈ గుణం ఆధారంగానే. దొరికితే దానికి దక్కే బహుమతి తరచుగా ఒక బంతి మాత్రమే.

వేసవిలో గోల్డెన్ వంటి రెండు పొరల బొచ్చు జాతులను సూర్యోదయానికి ముందే తిప్పాలి. వేడి తగ్గుతుందని బొచ్చు పూర్తిగా గొరిగించడం మంచిది కాదు, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనలు చెబుతున్నాయి. తల్లిని చూపించడానికి అమ్మకందారు వెనకాడితే ఆ పిల్లను తీసుకోకపోవడమే మేలు. చూపిస్తే, కొత్తవారు రాగానే అది దగ్గరకు వస్తోందా, మూలకు నక్కుతోందా, గుర్రుమంటోందా అన్నది గమనించాలి.